జెడ్డాలో ఒక బాస్కెట్‌బాల్ ఆట, కొన్ని బకాయి జీతాలు

క్రికెట్ కాకుండా వేరే ఆట గురించి రాస్తే మనవాళ్ళు చదువుతారా అన్న అనుమానంతోనే ఇది మొదలుపెడుతున్నాను. కాస్త ఓపిక పట్టండి. ఆట దగ్గర మొదలైనా విషయం మన ఇంటి గుమ్మం దాకా వస్తుంది.

2025 ఆగస్టు 5 నుంచి 17 దాకా ఆసియా కప్ బాస్కెట్‌బాల్ పోటీలు మా జెడ్డాలో జరిగాయి. మన దేశపు జట్టు కూడా వచ్చింది. మొదటి మ్యాచ్‌లో జోర్డాన్‌ని ఓవర్‌టైమ్ దాకా లాక్కెళ్ళి 84-91తో ఓడింది. తర్వాత చైనా చేతిలో, సౌదీ చేతిలో కూడా ఓడి ఇంటిదారి పట్టింది. మనవాళ్ళు వెళ్ళిపోయాక నాకు ఆసక్తి పోయింది కానీ, మా ఆఫీసులో పనిచేసే ఫిలిప్పీన్స్ మిత్రుడు వదల్లేదు. ఆగస్టు 12న సౌదీ, ఫిలిప్పీన్స్ మ్యాచ్‌కి టికెట్ కొని మరీ తీసుకెళ్ళాడు.

హాల్లో అడుగుపెట్టగానే, ఇది జెడ్డానా మనీలానా అనిపించింది! నర్సులు, డ్రైవర్లు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, మెకానిక్కులు... అందరూ గొంతు పోయేలా అరుస్తున్నారు. వాళ్ళు ఎక్కువగా పిలిచిన పేరు జస్టిన్ బ్రౌన్లీ. చివరి క్షణాల్లో ఫిలిప్పీన్స్ మూడు పాయింట్లు వెనకబడి ఉండగా మూడు ఫ్రీ త్రోలూ వేసి స్కోరు సమం చేసింది ఆయనే. ఓవర్‌టైమ్‌లో ఫిలిప్పీన్స్ 95-88తో గెలిచింది.

తమాషా ఏమిటంటే, బ్రౌన్లీ పుట్టింది అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో. సౌదీ తరఫున ఆడిన ముహమ్మద్ అలీ అబ్దుర్ రహ్మాన్ కూడా అమెరికావాడే. మిషిగన్ యూనివర్సిటీ జట్టులో ఆడి 2018లో కాలేజీ పోటీల ఫైనల్ దాకా వెళ్ళినవాడు. అంటే ఆ రోజు ఎర్రసముద్రం ఒడ్డున ఇద్దరు అమెరికన్లు ఒకరు సౌదీగా, ఒకరు ఫిలిప్పినోగా తలపడ్డారన్నమాట. పదహారేళ్ళు దాటాక పౌరసత్వం పొందిన ఆటగాడిని జట్టుకి ఒక్కడినే ఆడించవచ్చని ఫిబా నిబంధన. ఆ ఒక్క చోటు కోసం దేశాలు బాగా వెతుకుతాయి.

బ్రౌన్లీ కథ మనలాంటి వలస ఉద్యోగి కథే. 2011లో ఎన్.బి.ఏ. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. చిన్న లీగులో ఆడాడు. 2016లో మనీలాలో బారంగాయ్ హినేబ్రా జట్టుకి, గాయపడిన మరో విదేశీ ఆటగాడి బదులు వెళ్ళాడు. మన భాషలో చెప్పాలంటే షార్ట్ టర్మ్ కాంట్రాక్టు! ఆ అక్టోబరులో ఫైనల్ చివరి క్షణంలో బంతి బుట్టలో వేసి, ఎనిమిదేళ్ళుగా టైటిల్ లేని జట్టుని గెలిపించాడు. 2023 జనవరికల్లా ఆ జట్టుకి ఆరు టైటిళ్ళు తెచ్చాడు. అదే నెల 12న ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ ఆయన ఒక్కడికే పౌరసత్వం ఇచ్చే చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఫిలిప్పీన్స్ బంగారు పతకం గెలిచింది, 1962 తర్వాత అదే మొదటిసారి.

పనితనం ఉంటే దేశమే మనదైపోతుందన్నమాట అని ఇంటికొస్తూ అనుకున్నాను. అమెరికాలో ఎం.ఎస్. చేసి, హెచ్-1బి లాటరీ తగలక, తిరిగి తిరిగి ఇక్కడ తేలినవాణ్ణి కదా, కొంచెం ఈర్ష్య కూడా కలిగిందనుకోండి.

ఆ శుక్రవారం షరఫియాలో మన జగిత్యాల వైపు అన్న ఒకాయన రూముకి భోజనానికి వెళ్ళి ఈ ముచ్చట చెప్పాను. ఆయన ఎలక్ట్రీషియన్. అంతా విని, "పాస్‌పోర్ట్ నాకెందుకు తమ్మీ? మొదటి కంపెనీల పదకొండేండ్ల లెక్క రావాలె, అదిప్పియ్యమను చాలు" అన్నాడు.

ఆయన పనిచేసిన ఆ చిన్న కంపెనీ కొన్నేళ్ళ క్రితం మూతపడింది. సౌదీ కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్ళకి ఏడాదికి అర నెల జీతం, ఆ పైన ఏడాదికి నెల జీతం చొప్పున సర్వీసు సొమ్ము రావాలి. పదకొండేళ్ళకి లెక్క వేస్తే ఎనిమిదిన్నర నెలలు. ఆయన జీతం 1,800 రియాళ్ళు, అంటే 15,300 రియాళ్ళు. కొత్త ఉద్యోగం పోతుందన్న భయంతో కోర్టు చుట్టూ తిరగలేదు. ఆ డబ్బు ఈరోజుకీ రాలేదు.

ఆ మాటతో నా ఈర్ష్య దిగిపోయింది. నేను చూడాల్సింది పాస్‌పోర్టు కాదు, మనిషి వెనక ఎవరున్నారన్నది.

పరాయి దేశంలో ఆడే బాస్కెట్‌బాల్ ఆటగాడికి క్లబ్బు జీతం ఎగ్గొడితే ఏమవుతుందో చూడండి. 2007లో మొదలైన ఫిబా వారి ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ జెనీవాలో ఉంది. కాంట్రాక్టులో దాని పేరు రాసుకుంటే చాలు, ఏ దేశపు కోర్టు గుమ్మమూ ఎక్కనక్కర్లేదు. తీర్పు వచ్చాక కూడా క్లబ్బు డబ్బు కట్టకపోతే, ఆ క్లబ్బు కొత్త విదేశీ ఆటగాళ్ళని తీసుకోకుండా ఫిబా ఆపగలదు. బకాయి తీర్చేదాకా పని జరగదు!

ఆటగాడితో కూలీని పోల్చడం న్యాయమా అంటారా? సరే, కూలీల సంగతే చూద్దాం. 2015-16లో చమురు ధర పడిపోయినప్పుడు ఇక్కడి పెద్ద నిర్మాణ సంస్థలు కూలబడ్డాయి. సౌదీ ఓజర్ లాంటి సంస్థల క్యాంపుల్లో వేలమంది భారతీయులు జీతాల్లేక, తిండి లేక చిక్కుకున్నారు. అప్పుడు సుష్మా స్వరాజ్ గారు వెంటనే స్పందించారు. కాన్సులేట్ ద్వారా భోజనం పెట్టించారు, మంత్రి వి.కె. సింగ్ గారిని జెడ్డా పంపించారు. చాలామంది బకాయిల క్లెయిములు రాసిచ్చి స్వదేశం చేరారు. ప్రాణాలు కాపాడిన ఆ పని చిన్నదేమీ కాదు.

అదే క్యాంపుల్లో ఫిలిప్పినోలు కూడా ఉన్నారు. వాళ్ళ ప్రభుత్వాలు ఆ బకాయిల మాట వదల్లేదు. అధ్యక్షులు మారినా ఫైలు మూతపడలేదు. 2022 నవంబరులో బ్యాంకాక్ అపెక్ సమావేశాలప్పుడు, సుమారు 10,000 మంది ఫిలిప్పినోల పాత జీతాల కోసం 200 కోట్ల రియాళ్ళు కేటాయిస్తామని సౌదీ యువరాజు చెప్పినట్టు మార్కోస్ ప్రకటించాడు. 2024 మొదట్లో చెల్లింపులు మొదలయ్యాయి. ఎనిమిదేళ్ళు పట్టింది, నిజమే. కానీ అడుగుతూ ఉన్నారు కాబట్టి వచ్చింది. విదేశాల్లో పనిచేసేవాళ్ళకి అక్కడ 2021లో ప్రత్యేక శాఖ పెడుతూ చట్టం చేశారు. వాళ్ళు పనిచేసే దేశం నుంచే ఓటు వేస్తారు. మన ప్రవాస ఓటరేమో టికెట్ కొనుక్కుని స్వయంగా ఊళ్ళో పోలింగ్ బూత్‌కి వెళ్ళాలి. ఓటు ఉన్నవాడి ఫైలుకీ లేనివాడి ఫైలుకీ తేడా ఎంతో మనకి తెలియదా?

సౌదీలో కూడా మార్పులు వస్తున్నాయని ఒప్పుకోవాలి. 2021 మార్చి నుంచి, ఇళ్ళలో పనిచేసేవాళ్ళలాంటి కొన్ని వర్గాలు తప్ప, ప్రైవేటు ఉద్యోగులు యజమాని అనుమతి లేకుండానే దేశం దాటే వీలు కలిగింది. షరతులకి లోబడి ఉద్యోగం కూడా మారవచ్చు. 2024 అక్టోబరులో, జీతాలు ఎగ్గొట్టిన కంపెనీల విదేశీ కార్మికుల కోసం బీమా పెట్టారు. ఆరు నెలల జీతం దాకా, గరిష్ఠంగా 17,500 రియాళ్ళు వస్తుంది. మన అన్న లాంటి పాత బకాయిదారులకి మాత్రం అది ఉపయోగపడదు.

తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకి 5 లక్షల సాయం ప్రకటించింది. మంచిదే. అయితే బతికున్నవాడికి తన కష్టార్జితం చేతికి రావడం అంతకంటే ముందు కావాలి.

ఇక మన సంగతి. సంఘాలు పెట్టుకున్నాం, ఉగాదికీ సంక్రాంతికీ హాళ్ళు బుక్ చేస్తున్నాం, వచ్చిన మంత్రులకి శాలువాలు కప్పుతున్నాం. ఆ శాలువాతో పాటు ఒక జాబితా కూడా చేతిలో పెట్టలేమా? పేరు, కంపెనీ, పనిచేసిన ఏళ్ళు, రావాల్సిన రియాళ్ళు. కాంట్రాక్టు, జీతం చీటీలు, ఇకామా నకళ్ళు స్కాన్ చేసి భద్రపరచడం మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి రెండు వారాంతాల పని. షరఫియాలో నేను మొదలుపెట్టాను. నాలుగు శుక్రవారాల్లో పదిహేడు మంది కాగితాలు వచ్చాయి. మొదటి పేరు జగిత్యాల అన్నదే. మీ ఊళ్ళో కూడా ఎవరో ఒకరు మొదలుపెడితే ఆ జాబితా పెరుగుతుంది. పెరిగిన జాబితాని పక్కన పడేయడం ఏ మంత్రికైనా కాస్త కష్టం. ఏమంటారు?