తోడు వేరు, కాపలా వేరు

"ఇంత చదువు చదివి, ఇన్నేళ్లు స్త్రీవాదం మాట్లాడి, చివరికి నువ్వు కూడా ఇంకొకరి పక్కన తెడ్డు వేసుకుంటూ కూర్చున్నావా?" అని ఈమధ్య ఒక రచయిత్రి మిత్రురాలు నన్నడిగింది. నవ్వుతూనే అడిగింది. కానీ ఆ నవ్వులో ఉన్న తీర్పు నన్ను వదల్లేదు. అందుకే ఈ జవాబు.

నేను న్యూజెర్సీలో ఉంటాను. వేసవిలో మన్‌హటన్ దీవి చుట్టూ ఈదేవాళ్లకి తోడుగా కయాక్ నడుపుతాను. జీతం లేదు. దూరం 28.5 మైళ్లు, అంటే దాదాపు 46 కిలోమీటర్లు. ఈస్ట్ రివర్, హార్లెమ్ రివర్, హడ్సన్, 20 వంతెనలు. పోటుతో పాటు పైకి ఎక్కి, ఆటుతో పాటు హడ్సన్‌లో కిందికి దిగాలి. సమయం తప్పితే నీళ్లు ఎదురు తిరుగుతాయి.

ఈదే మనిషి తల నీళ్లలో ఉంటుంది. ముందేముందో కనిపించదు. ఊపిరి కోసం తల తిప్పిన ప్రతిసారీ పక్కనున్న కయాక్‌ని చూసుకుని దారి సరిచేసుకుంటుంది. కొట్టుకొచ్చే దుంగల్ని, ఫెర్రీలు లేపే అలల్ని ముందుగా చూడాల్సింది నేను. అరగంటకోసారి తాడు కట్టిన సీసా విసురుతాను. ఆమె వెల్లకిలా తేలుతూ తాగుతుంది. నిమిషానికి ఎన్ని బారలు వేస్తోందో లెక్కపెడతాను. లెక్క పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా చలి ఒంట్లోకి దిగుతోందని అర్థం. ఇదంతా చేస్తాను కానీ ఆమెని తాకను. ఆమె నా కయాక్‌ని పట్టుకోదు. పట్టుకుంటే ఆ ఈత చెల్లదు. ఏడెనిమిది గంటలు అలా కూర్చుంటే నడుము ఏమవుతుందో, మూత్రానికి ఆడవాళ్లు ఏం తంటాలు పడతారో ఏ ఫోటోలోనూ కనిపించదు. ఫోటో గట్టెక్కిన మనిషిది.

ఇక్కడివరకూ నా మిత్రురాలి కోపం న్యాయమైనదే. ఈ క్రీడ నియమాల్లో 'సాయం లేని ఈత' అంటే పక్కన పడవ లేని ఈత కాదు. పడవ ఉంటుంది, తిండి అందుతుంది, కళ్లు కాపు కాస్తాయి. తాకకపోతే చాలు, అది సాయం లేనిదే! వంటింటి శ్రమని లెక్కలోంచి తీసేసిన బుద్ధే ఇక్కడా పనిచేస్తోంది. చేతికి అందించినది సాయం కాదట.

అయితే ఆమె చెప్పే విరుగుడుతో నాకు పేచీ ఉంది. తోడుండటమే బానిసత్వం, ఒంటరిగా సాధించడమే విముక్తి అంటుంది. మనకా అనుమానం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. గోదావరి కాలవ గట్టున పెరిగాను. మా తమ్ముడు కాలవలో ఈదేవాడు. నేను గట్టున వాడి బట్టలకి కాపలా. సాయంత్రం లైబ్రరీకి వెళ్లాలంటే మాత్రం, "తమ్ముణ్ణి తోడు తీసుకెళ్లు" అనేవారు. వాడికి ఏడేళ్లు, నాకు పదహారు. వాడు నన్నేం కాపాడతాడు? వాడి పని కాపాడటం కాదు, నేనెక్కడ ఆగానో ఇంట్లో చెప్పడం. కాపలాకి మనవాళ్లు పెట్టిన ముద్దుపేరు తోడు.

ఆ తేడా నీటిలో ఎంత స్పష్టంగా కనిపిస్తుందో గెర్‌ట్రూడ్ ఎడెర్లీ కథ చెబుతుంది. ఈ న్యూయార్క్ అమ్మాయి 1925లో ఇంగ్లిష్ చానెల్ ఈదుతుండగా, మునిగిపోతోందని ఆమె కోచ్ తేల్చేశాడు. ఇంకో ఈతగాడి చేత పట్టించాడు. మనిషి చెయ్యి తగిలింది కాబట్టి ఆ ఈత రద్దయింది. తాను మునగడం లేదని ఆమె చెప్పింది. ఆ కోచ్ చానెల్ దాటాలని ఎన్నోసార్లు ప్రయత్నించి విఫలమైనవాడు. 1926లో మళ్లీ దిగేటప్పుడు ఆమె పడవ వద్దనలేదు. తాను అడిగితే తప్ప ఎవరూ తనని తాకకూడదని షరతు పెట్టింది. ఈసారి పడవలో అక్క మార్గరెట్ కూడా ఉంది. ఆగస్టు 6న చానెల్ దాటిన మొదటి స్త్రీ అయింది, అప్పటి మగవాళ్ల రికార్డుని దాదాపు రెండు గంటలు మించి.

తోడు లేకపోతే ఏమవుతుందో ఆరతీ సాహా చూసింది. 1959 ఆగస్టు 27న ఆమె వెంట రావాల్సిన పడవ 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అనుకూలమైన ప్రవాహం చేజారింది. ఇంగ్లండ్ తీరం దగ్గరపడ్డాక వదిలేయాల్సి వచ్చింది. సెప్టెంబరు 29న మళ్లీ దిగి, 16 గంటల 20 నిమిషాల్లో చానెల్ దాటిన మొదటి ఆసియా స్త్రీ అయింది. ఈ రెండు తేదీల మధ్య ఆమె ధైర్యం పెరిగిందా? మొదటినుంచీ ఉంది. ధైర్యం ఒక్కటే చాలదు, పడవ వేళకి రావాలి.

కాబట్టి తోడు ఉండాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. షరతులు ఎవరివి? ఎటు వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తారు? ఈరోజు తెడ్డు వేసినవాళ్లకి రేపు ఈదే వంతు వస్తుందా? ఎవరికో ఒకరికి ఎప్పుడూ తెడ్డే మిగిలితే అది చాకిరీ. నేను తెడ్డు వేసినవాళ్లలో ఒకామె మరుసటి వేసవిలో నాకు తెడ్డు వేసింది. నేను ఈదింది చిన్న దూరమే. ఆ పూట నా కళ్లు ఆమె.

2021 మార్చిలో మన గోలి శ్యామల 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదినప్పుడు మనమంతా పొంగిపోయాం. ఆమె వెంట పడవల్లో ఉన్నదెవరని మనలో ఒక్కరైనా అడిగామా? నేనూ అడగలేదు. "ఒంటరిగా సాధించింది" అనే మాట మనకి అంత తియ్యగా ఉంటుంది. మన పుస్తకాల అట్టల వెనక కూడా అదే మాట రాసుకుంటాం. ఇల్లు ఊడ్చిన మనిషి పేరు, పిల్లల్ని చూసిన మనిషి పేరు అక్కడ ఉండవు. మగ రచయితలు భార్యల పేర్లు మింగేశారని పోట్లాడిన మనం చేస్తున్నదేమిటి?

నా సంగతే చెప్తాను. నేను హడ్సన్ మీద సేవ చేస్తున్నానని పొంగిపోయిన రోజుల్లో మా అమ్మాయికి అన్నం పెట్టింది మా అమ్మ. ఆరు నెలలకని వచ్చి, మాట రాని దేశంలో నాలుగు గోడల మధ్య కూర్చుని. ఆమెని ఒక్కసారి కూడా నది ఒడ్డుకి తీసుకెళ్లలేదు. ఎటు వెళ్దామని అడగలేదు. ఆమె వంతు ఎప్పుడని నాకు తోచనే లేదు. నా మిత్రురాలు నన్ను నిలదీయాల్సింది నది మీద నేను వేసిన తెడ్డు గురించి కాదు. ఇంట్లో అమ్మ చేత వేయించిన తెడ్డు గురించి.