ఖాళీ తూటాలు నింపుకుందామనే తమ్ముడికి

ఈసారి కూడా పొడుగ్గానే రాస్తున్నాను. నేను చదివింది అరవ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన ఆదివారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. తాతగారి కాలం నాటి త్రీ ఫిఫ్టీన్ రైఫిల్ ఇంట్లో ఉంది. నాన్నగారు పోయినేడు కాలం చేశారు. బీరువాలో ఆరు తూటాలు, ఒక డబ్బా ఖాళీ గుల్లలు మిగిలాయి. అమెరికాలో ఇంట్లోనే నింపుకుంటున్నారు కదా, మనం ఎక్కడ మొదలుపెట్టాలి అని. కింద నలుగురు బొటనవేళ్ళు పెట్టారు. ఒకాయన "వేలూరు పక్క నింపేవాడు ఒకడున్నాడు" అని కూడా రాశాడు. అది చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అమెరికా మాట నిజమే. మా మేనల్లుడు టెక్సాస్‌లో ఈ పని చేస్తాడు, వీడియో కాల్‌లో చూపించాడు. తూటా అంటే నాలుగు వస్తువులు: ఇత్తడి గుల్ల, అడుగున ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. పేలాక గుల్ల ఒక్కటే మిగులుతుంది. దాన్ని ప్రెస్‌లో నొక్కి పాత కొలతకు తెచ్చి మిగతా మూడూ కొత్తవి పెడతారు. వాడు మందును తూచే తీరు మన కంసాలి బంగారాన్ని తూచినట్టు ఉంటుంది. కంపెనీ అచ్చు వేసిన పుస్తకం పక్కన పెట్టుకోకుండా వాడు డబ్బా మూత తీయడు. అక్కడ అది చట్టం ఒప్పుకున్న సరదా.

అందరూ వాడే తూటా అయితే ఆ పుస్తకంలో పేజీలకు పేజీలు ఉంటాయి. తమ్ముడి తూటా అట్లాంటిది కాదు. తెల్లవాళ్ళ కాలంలో సైన్యం తూటా త్రీ నాట్ త్రీ. అది జనం చేతికి పోకూడదని వేటగాళ్ళకు వేరే తూటా వాడుకలోకి తెచ్చారు, అదే త్రీ ఫిఫ్టీన్. దాని మూలం ఆస్ట్రియా వాళ్ళ 8 మిల్లీమీటర్ల మాన్లిచర్ తూటా. స్వతంత్రం వచ్చాక కూడా ఇషాపూర్ ఫ్యాక్టరీ ఈ రైఫిల్‌నే జనానికి చేసింది. మన దేశం దాటితే దీన్ని ఎరిగినవాళ్ళు తక్కువ. గుల్లలు దొరక్క వేరే తూటా గుల్లను సాగదీసి, కత్తిరించి చేసుకుంటారు. పేరు చూసి గుండు కొలత ఊహించినా మోసపోతాం. త్రీ నాట్ త్రీలో గుండు వ్యాసం .303 అంగుళం కాదు, .311 దాకా ఉంటుంది. ఇక పాత సర్కారు గుల్లల్లో చాలావాటికి అడుగున ఒక బెజ్జం బదులు రెండు సన్న బెజ్జాలు ఉంటాయి. మామూలు పనిముట్టుతో వాటి పాత ప్రైమర్ ఊడిరాదు.

మా చిన్నమామకు చిత్తూరు పక్క వేరుశనగ చేను. అడవి పందుల కోసం నాటు తుపాకీ పెట్టుకున్నాడు. నల్లమందు చేతి అంచనాతో పోసేవాడు, ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు. ఒకసారి ఎవడో "మంచి మందు" అని వేరే మందు ఇచ్చాడు. అదే అంచనాతో పోశాడు. గొట్టం చీలి ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి. పొగరాని మందు నల్లమందులాంటిది కాదు, కొంచెం పోసినా బలం ఎక్కువ. నల్లమందు కొలతకు దాన్ని పోస్తే ఇనుము తట్టుకోదు. వేలూరు ఆయన ఏ మందు పోస్తాడో తమ్ముడు అడిగాడా?

ఇప్పుడు చట్టం. నేను వకీలును కాను, ముప్పై ఏళ్ళు రిజిస్టర్లు రాసినవాణ్ణి, అందుకే అసలు చట్టం తెచ్చుకుని చదివాను. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయకూడదు. ఆ చట్టంలో "తూటా" అనే మాటకు ఇచ్చిన అర్థంలో తూటా భాగాలు, తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. అంటే టెక్సాస్ నుంచి ప్రెస్ సూట్‌కేసులో తెప్పించడం కూడా చిక్కే. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తయారీకి శిక్ష ఏడేళ్ళకు తక్కువ కాదు, యావజ్జీవం దాకా పోవచ్చు. రైల్లో మందు పొట్లం తెద్దామనుకునేవాళ్ళకు ఒక మాట: 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. పార్శిల్ ఆఫీసులో కూర్చున్నవాణ్ణి, ఆ సెక్షన్ నాకు బాగా తెలుసు.

తమ్ముడు అడగని సంగతి ఇంకొకటి ఉంది, నాకు అదే పెద్దది. లైసెన్సు నాన్నగారి పేరున ఉంది. ఆయన పోయారు. ఇప్పుడు ఆ రైఫిల్, ఆ ఆరు తూటాలు ఎవరి పేరున ఉన్నట్టు? రేపు ఎవరైనా తలుపు తడితే జవాబు చెప్పాల్సింది ఇంట్లో ఉన్న అమ్మగారు. 21వ సెక్షన్ ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో అప్పగించమంటుంది. తర్వాత వారసుడిగా మీ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వస్తే కొత్త తూటాలు డీలరు దగ్గర లెక్కగా కొనవచ్చు. రాకపోతే అమ్మేయవచ్చు. తాతగారి వస్తువు పోతుందనే బాధ నాకు తెలుసు. మా నైన గడియారం అమ్మినప్పుడు నేనూ ఏడ్చాను.

గురి చూసి కొట్టే సరదాయే అయితే చెన్నైలో రైఫిల్ క్లబ్ ఉంది. 2012 లండన్‌లో కంచు పతకం తెచ్చిన గగన్ నారంగ్ పుట్టింది మన చెన్నైలోనే, పెరిగింది హైదరాబాదులో. ఆయన పతకం ఎయిర్ రైఫిల్‌ది. దానికి మందూ అక్కర్లేదు, ప్రైమరూ అక్కర్లేదు.

తమ్ముడూ, శనివారం పొద్దున నేను ఖాళీ. నాన్నగారి లైసెన్సు పుస్తకం, డెత్ సర్టిఫికెట్ జెరాక్సులు తీసుకుని గంగాధరేశ్వరుడి కోవెల దగ్గరకు రా. తుపాకీ, తూటాలు తేవద్దు, అవి బీరువాలోనే తాళం వేసి ఉండనీ. ముందు కాగితాలతో స్టేషన్‌కు పోయి ఎట్లా అప్పగించాలో అడుగుదాం. దరఖాస్తు నేను రాసిస్తాను.