పొడుగు పిల్లకు ఏ సైకిల్ కొనాలి?

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కొందరు ఆడపిల్లలు తల్లిని మించి పెరుగుతారు. ఒంట్లో మాత్రం కండ ఉండదు. అలాంటి పిల్లకు సైకిల్ కొనబోతే దుకాణంలో పొడుగొక్కటే చూసి "26 ఇంచులది తీసుకోండమ్మా" అంటారు. ఆ అంకె చక్రానిది. పిల్లకు కుదరాల్సింది ఫ్రేము.

అందుకే పిల్లను వెంట తీసుకెళ్లండి. సీటు మీద కూర్చోబెట్టి, కిందికి వచ్చిన పెడల్ మీద మడమ పెట్టమనండి. కాలు నిటారుగా చాగాలి. ముందరి పాదంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగితే అదే సరైన ఎత్తు. ఎత్తు చాలలేదని సీటు కడ్డీని దాని మీదున్న గీత దాటించి లేపొద్దు, విరిగే ప్రమాదం ఉంది. మలుపులో మోకాళ్లు హ్యాండిల్‌కు తగిలితే ఆ ఫ్రేము చిన్నదే.

ఇక బరువు. పాతరకం డండ సైకిల్ సుమారు 20 కిలోలుంటుంది. 40 కిలోల పిల్లకు అది తన బరువులో సగం. ముందు స్ప్రింగులున్నవి చూడ్డానికి బాగుంటాయి. కానీ చవకరకం స్ప్రింగు తేలికపాటి పిల్ల కింద సరిగా అణగదు, మోత బరువు మాత్రం పెరుగుతుంది. డండ కిందికి వంగిన సాదా లేడీస్ సైకిలే మేలు. చుడీదార్‌తో ఎక్కి దిగడమూ సులువు.

"రేపు తమ్ముడికి పనికొస్తుంది" అని డండ సైకిల్ కొనడం మన ముస్తాబాద్ వైపు ఇళ్లలో కొత్త కాదు. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చాక హైస్కూలుకు వెళ్లే అమ్మాయిలు పెరిగారు. ఆడపిల్లకు సైకిలంటే చదువే. కుదరని సైకిల్ నాలుగు రోజులకే గోడకు ఆనుతుంది. తమ్ముడి సంగతి తర్వాత చూద్దాం, ఇప్పుడు బడికి తొక్కాల్సింది అక్క.