పొట్టుతో పోతున్న సొమ్ము

పాడేరు ఘాట్ దిగి మాడుగుల, చోడవరం మీదుగా పల్లానికి వచ్చే మన్యం కాఫీ చాలావరకు పొట్టుతోనే వస్తోంది. పండించిన గిరిజన రైతు చేతిలో మిగిలేది తూకం చీటీ. బస్తాలో గింజ ఎంత, పొట్టు ఎంత అన్నది తర్వాత కొన్నవాడికే తెలుస్తుంది. ఇది ఇక సాగకూడదు. ఏజెన్సీకి తగిన, పొట్టు తీసే చిన్న హల్లింగ్ మిషన్ తయారుకావాలి. ఎక్కడిదో కొని పంచిపెట్టడం పరిష్కారం కాదు.

ఇన్నేళ్లూ సర్కారు చూపు ఎక్కువగా పల్పర్ల మీదే ఉంది. పండు తోలు ఊడదీసే పల్పర్ అవసరమే, కాదనం. కానీ గింజను అంటిపెట్టుకున్న పార్చ్‌మెంట్ పొర పోతే తప్ప సరుకు సంగతి తేలదు. అరబికా పార్చ్‌మెంట్ 100 కిలోలు ఆడిస్తే దిగేది సుమారు 80 కిలోల గింజ. ఎండు చెర్రీ అయితే ఇంచుమించు సగమే. తన సరుకు ఎంత దిగుతుందో తెలియనివాడు బేరం ఏం ఆడతాడు? 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం వెలిసింది, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. ఆ పేరుకు మూలమైన గింజను రైతు తన ఊళ్లో చూసుకోలేకపోవడమే సిగ్గుచేటు.

ధాన్యం హల్లర్ ఉందిగా అనేవారున్నారు. తమాషా ఏమిటంటే, మన పల్లెలు ఎరిగిన ఎంగెల్‌బర్గ్ హల్లర్ 1885లో బ్రెజిల్‌లో పుట్టిందే కాఫీకీ వరికీ కలిపి. ఇనుప రోలరు, బ్లేడు మధ్య రాపిడితో పొట్టు ఊడగొట్టడం దాని పద్ధతి. బిగిస్తే గింజ వేడెక్కి నలుగుతుంది, సడలిస్తే పొర మిగిలిపోతుంది. తేమ 11 శాతం దగ్గర లేకపోతే ఇంకా చేటు: పచ్చిదైతే గింజ చదునవుతుంది, మరీ ఎండితే పగులుతుంది. గంటకు ఎన్ని కిలోలు ఆడిందన్న లెక్క ఒక్కటే చూసి యంత్రాన్ని మెచ్చుకోవడం కాఫీ తెలియనివారు చేసే పని. నూటికి ఎన్ని విరిగాయో అడగాలి.

పొర ఉన్నంతకాలం గింజ భద్రంగా ఉంటుందన్న అభ్యంతరం నిజమే. కాబట్టి ఇంటింటికీ మిషన్ అక్కర్లేదు. నాలుగైదు గూడేలకు ఒకటి, దాని పక్కనే తేమ కొలిచే మీటరు పెడితే చాలు. అమ్మకానికి ముందు ఒక్క కిలో ఆడించి చూసుకున్నా రైతు మాటకు బలం వస్తుంది.

చేయగలవారు దూరాన లేరు. చెరకు గానుగలు నడిచే చోడవరం, అనకాపల్లి ప్రాంతంలో ఇనుప పని చేతులకు కొత్త కాదు. చింతపల్లిలో వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన స్థానం, ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న చోడవరం అనకాపల్లి జిల్లాకు, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లాయి. అంతమాత్రాన ఫైళ్లు రెండు కలెక్టరేట్ల మధ్య తిరుగుతాయన్న సాకు చెల్లదు. చోడవరంలో చేసిన నమూనాను చింతపల్లి గూడేల్లో ఒక పంటకాలం రైతుల చేతే ఆడించాలి. విరిగిన గింజల లెక్క వారి ముందే రాయాలి. ఆ పరీక్షలో నెగ్గని యంత్రానికి, అది ఎంత చౌకైన టెండర్‌లో వచ్చినా, ఒక్క రూపాయి సబ్సిడీ ఇవ్వరాదు.