దావాలో దారి తప్పిన డొంక

జగ్గయ్యపేట దగ్గర మిరప చేనుకు తూర్పున డొంక ఉందనుకోండి. స్వాధీనం కోసం వేసిన దావాలో అది పడమరకు వెళ్లింది. ఆ తప్పుతోనే డిక్రీ వస్తే కోర్టు అమీనా ఏ చేను అప్పగించాలి?

జగ్గయ్యపేట కోర్టయినా, నందిగామ కోర్టయినా సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 17 కింద వాది సవరణ కోరవచ్చు. విచారణకు ముందైతే మేలు. 2002 జులై 1న వచ్చిన మార్పుతో, విచారణ మొదలయ్యాక అడిగేవారు తగిన శ్రద్ధ పెట్టినా ముందే అడగలేకపోయామని కోర్టును ఒప్పించాలి. సాక్షి చీఫ్ అఫిడవిట్ దాఖలైతే విచారణ మొదలైనట్టేనని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. 'వకీలుగారు చూసుకుంటారులే' అంటే చాలదు మరి.

అనుమతి రాగానే పనైపోయిందని ఇంటికెళ్లేవారూ ఉంటారు. ఉత్తర్వులో గడువు లేకపోతే 14 రోజుల్లో దావా దిద్దాలి. లేదంటే, కోర్టు గడువు పెంచితే తప్ప, డొంక పడమరనే ఉండిపోతుంది.