చమురు పాతర

పిల్లలూ! పూర్వం మన రైతులు ధాన్యాన్ని నేలలో పాతర వేసేవారు. కరువు వస్తే అది తీసి తినేవారు. దేశాలు కూడా ఇలా పాతర వేస్తాయని మీకు తెలుసా? అవి దాచేది ముడి చమురు.

మన దేశం వాడే ముడి చమురులో నూటికి 80 పాళ్ళకు పైగా విదేశాల నుంచే వస్తుంది. ఓడలు దాన్ని రేవుకు తెస్తాయి. కర్మాగారంలో దాన్ని కాచి పెట్రోలు, డీజిలు, కిరోసిను వేరుచేస్తారు. విశాఖపట్నంలో ఇటువంటి కర్మాగారం 1957 నుంచీ ఉన్నది. అక్కడినుంచి పెట్రోలు గొట్టాల ద్వారా విజయవాడకూ, సికింద్రాబాదుకూ పోతుంది. ఆపైన లారీలు బంకులకు చేరుస్తాయి.

మరి ఓడలు రాకపోతే? 1973లో యుద్ధం వచ్చి, అరబ్బు దేశాలు కొన్ని దేశాలకు చమురు ఆపేశాయి. కొద్ది నెలల్లోనే ధర నాలుగింతలయింది. మనకు ఆపకపోయినా, ఆ ధర మనమూ ఇచ్చుకోవలసి వచ్చింది.

ఇటువంటి చిక్కులకు ముందుజాగ్రత్తగానే విశాఖపట్నంలో భూగర్భాన రాతిని తొలిచి గుహలు చేశారు. 2015లో వాటిలో చమురు నింపసాగారు. 13 లక్షల టన్నులు పడుతుంది! రాతి పగుళ్ళలోంచి అది కారిపోదా? కారదు. పగుళ్ళనిండా నీరుంటుంది. ఆ నీటి ఒత్తిడి చమురు ఒత్తిడికన్న ఎక్కువ. కనక నీరే లోపలికి ఊరుతుంది. దాన్ని పంపులతో తోడేస్తారు.

మంగుళూరు, పాదూరు పాతరలు కూడా కలిపినా, ఆ చమురు దేశానికి పది రోజులకు మించి రాదు. అందుచేత, ఊరికే నిలిచిన బండిలో ఇంజను ఆడుతూంటే, ఆపమని మీ నాన్నగారితో చెప్పండి. పాతర ఉన్నదిగదా అని ఏ రైతూ గింజలు పారబొయ్యడు!