తాతగారి నాణెం... ఫొటోలో బాగానే ఉంది!

ఇంటర్వ్యూ అయి మూడు వారాలు దాటింది. హెచ్‌ఆర్ నుంచి కబురు లేదు. ఫ్యాన్ కింద పడుకుని ఫోన్ తిరగేస్తుంటే ఓ వీడియో కంటబడుతుంది. ‘మీ దగ్గర ఈ 5 రూపాయల బిళ్ల ఉందా? అయితే మీరు లక్షాధికారి!’ దాని కిందే ఇంకోటి. ‘పాత నాణేలు కొనండి, ఏడాదిలో రెట్టింపు చేసుకోండి’. రెండు చూశారంటే చాలు, మీరు వెతక్కపోయినా నాణేల వేలంపాటలు ఫోన్‌లోకి వాటంతట అవే వచ్చేస్తాయి. ఇంకా 2 గంటల 14 నిమిషాలే గడువు, ఇప్పటికే 11 మంది పాడారు, మీరూ పాడండి...

పాడకండి. కనీసం ఈ కాలమ్ చదివేదాకా ఆగండి.

నాణేలంటే ఇష్టంతో పోగేసేవాళ్లను నేనేమీ అనడం లేదు. అది మంచి అలవాటు, చరిత్ర చేతిలో పెట్టుకుని చూడటం లాంటిది. నా గొడవంతా ‘ఉద్యోగం వచ్చేదాకా చేతిఖర్చులకు పనికొస్తుంది’ అనుకుంటూ ఆన్‌లైన్‌లో నాణేలు కొనేవాళ్ల గురించి. నాణెం చూసి మంచిచెడ్డలు చెప్పగల కన్ను మీకింకా రాలేదు. అమ్మేవాడికి ఆ సంగతి తెలుసు. అక్కడ మీరు డబ్బు పెట్టేది ఒక ఫొటో మీద, దాని కింద రాసిన కథ మీద.

ముందు ఆ ‘లక్షాధికారి’ సంగతి చూద్దాం. శ్రీ మాతా వైష్ణోదేవి ఆలయ బోర్డు ఏర్పడి పాతికేళ్లయిన సందర్భంగా 2012లో 5, 10 రూపాయల నాణేలు విడుదల చేశారు. అవి మామూలుగా చలామణీ అయినవే. బస్సులో కండక్టర్ చిల్లర ఇస్తే మీ జేబులోకీ వచ్చి ఉంటాయి. వాటికి 10 లక్షలు ఇస్తారన్న ప్రచారం ఏళ్ల తరబడి తిరుగుతోంది. ఆ ప్రచారం నమ్మి, 5 రూపాయల బిళ్లను ఆన్‌లైన్‌లో 500 పెట్టి కొని, తర్వాత లక్షలకు అమ్ముదామని డబ్బాలో దాచుకున్న కుర్రాళ్లు నాకు తెలుసు. వాళ్ల దగ్గర కొనేవాడు ఇప్పటిదాకా రాలేదు. ఒకవేళ వచ్చినా ఎలా వస్తాడో చెబుతాను. ‘మీ నాణెం ఓకే అయింది, రిజర్వ్ బ్యాంక్ నుంచి డబ్బు విడుదల కావాలంటే ముందు ఫీజు కట్టండి’ అంటాడు. తమ పేరు, లోగో వాడుకుని ఇలా ఫీజులు, కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారనీ, పాత నోట్లు, నాణేల లావాదేవీలతో తమకే సంబంధం లేదనీ రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించింది. అపాయింట్‌మెంట్ లెటర్‌కు ముందు ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అడిగే ఉద్యోగం ఎలాంటిదో మీకు ఇప్పటికే తెలుసు కదా. ఇదీ ఆ బాపతే.

నేనేదో పై నుంచి నీతులు చెబుతున్నాననుకోకండి. నేనూ మునిగినవాణ్నే.

2016లో అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్ కోచింగ్‌లో ఉన్నాను. టెస్ట్ సిరీస్ కోసం ఇంటి నుంచి వచ్చిన డబ్బు అకౌంట్‌లో ఉంది. ఆన్‌లైన్ వేలంలో 1939 నాటి వెండి రూపాయి కనిపించింది. ఆరో జార్జి బొమ్మ. 1939 రూపాయి అరుదైనదని అప్పటికే ఎక్కడో చదివాను, అది నిజమే కూడా. సగం తెలియడం ఎంత ప్రమాదమో ఆ రోజే తెలిసింది. అమ్మేవాడికి మెసేజ్ పెడితే వెంటనే జవాబు. ‘మా తాతగారి పెట్టెలో దొరికింది తమ్ముడూ. నాకు వీటి గురించి ఏం తెలీదు. ఆస్పత్రి ఖర్చుండి అమ్ముతున్నా’. పాట 1,500 దగ్గర మొదలైంది. నాతో పాటు ఇంకొకడు పోటీ పడ్డాడు. నేను 2,000 అంటే వాడు 2,200. నేను 3,000 అంటే వాడు 3,300. చివరి నిమిషంలో పంతం వచ్చి 4,600కి పాడాను. గెలిచానని ఆ రాత్రి రూమ్మేట్లకు చాయ్ కూడా ఇప్పించాను.

నాణెం వచ్చింది. చిన్న త్రాసు మీద పెడితే 11.6 గ్రాములు చూపించింది. ఉండాల్సిన బరువు 11.66, సరిపోయినట్టే. అయస్కాంతానికి అంటలేదు. మోగిస్తే వెండి మోతే. పాతబస్తీలో నాణేలు కొనే ఒక పెద్దాయన దగ్గరకు ధీమాగా తీసుకెళ్లాను. ఆయన భూతద్దం పెట్టి అర నిమిషం చూశాడు.

“నాణెం మంచిదే బాబూ. తొమ్మిదే మంచిది కాదు.”

అర్థం కాలేదు. భూతద్దం నా చేతికిచ్చాడు. 1938 నాటి మామూలు రూపాయిలో చివరి 8ని జాగ్రత్తగా గీకి 9 చేశారు. ఆ అంకె చుట్టూ మాత్రం సన్నటి గీతలు. వెండి నిజం, బరువు నిజం, రాజు నిజం, ఒక్క అంకె అబద్ధం. అంకె దిద్దిన నాణేన్ని పోగుచేసేవాళ్లు ముట్టుకోరట. “వెండి రేటు కట్టి 400 ఇస్తా. ఉంచుకుంటానంటే ఉంచుకో” అన్నాడు. టెస్ట్ సిరీస్ సంగతి ఇంట్లో ఏమని చెప్పానో ఇక్కడ రాయను.

ఇంటికొచ్చాక ఇంకో పని చేశాను, అది ముందే చేయాల్సింది. నాతో పోటీ పడిన ఆ రెండోవాడి పాత పాటలు తీసి చూశాను. అతను పాడినవన్నీ ఈ ఒక్క అమ్మకందారు నాణేలకే! ఊరి చెరువు వేలంలోనో, గుడి దగ్గర లడ్డూ వేలంలోనో సొంత మనిషిని నిలబెట్టి రేటు పెంచడం మనకు కొత్తేమీ కాదు. ఆన్‌లైన్‌లో ఆ మనిషి ముఖం కనిపించదు, అంతే తేడా.

ఇక నాణేల మార్కెట్లో తిరిగే రకరకాల సరుకు సంగతి. మీకు మొదట తగిలేది ఈస్టిండియా కంపెనీ ‘హాఫ్ అణా’. మీద 1818 అనో, 1717 అనో ఉంటుంది. ఒక పక్క రామ పట్టాభిషేకమో, హనుమంతుడో ఉంటాడు. కంపెనీ అలాంటి నాణేలను ఎన్నడూ ముద్రించలేదు. ఇవన్నీ తర్వాతి కాలంలో పోతపోసి, పాతవిగా కనిపించేలా నల్లబరిచినవి. వీటికే ‘పవర్’ ఉందని, బియ్యం గింజల్ని లాగుతాయని చెప్పి రైస్ పుల్లింగ్ ముఠాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంతమందిని ముంచాయో పేపర్ చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. గింజలకు ఇనుప రజను పట్టించి, బిళ్ల దగ్గర అయస్కాంతం దాస్తే ఏ చెంబైనా బియ్యాన్ని లాగుతుంది. ఇంజినీరింగ్ చదివినవాళ్లు కూడా దీనికి పడిపోవడమే వింత.

కథ నిజమై, నాణెం అబద్ధమైన రకం ఇంకొకటి ఉంది. 1911లో వచ్చిన అయిదో జార్జి రూపాయి మీద రాజుగారి మెడలోని హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం పొట్టిగా ఉండటంతో అది పందిలా ఉందని జనం అభ్యంతరపెట్టారు. నాణేన్ని వెనక్కి తీసుకుని, 1912లో ఏనుగును సరిదిద్ది ముద్రించారు. ఇది చరిత్ర. అమ్మేవాడు ఈ కథ మొత్తం పొల్లుపోకుండా రాస్తాడు. చదివి మీరు నాణెం కూడా నిజమే అనుకుంటారు.

మన నిజాం రూపాయి మీద చార్మినార్ చూడగానే హైదరాబాదీలకు మనసు లాగుతుంది. దాని బరువు బ్రిటిష్ రూపాయి అంత ఉండదు, 11.18 గ్రాములు. ఈ మాత్రం తేడా తెలియకుండా కొనేవాళ్లే ఎక్కువ. కాబట్టి త్రాసు మీద పెట్టిన ఫొటో అడగండి. అంచు ఫొటో అడగండి. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత కనిపించే అవకాశం ఉంటుంది. ఒక కాగితం మీద మీ పేరు, ఆ రోజు తేదీ రాసి, దాని పక్కన నాణెం పెట్టి ఫొటో పంపమనండి. ఫొటో ఎక్కడినుంచో ఎత్తుకొచ్చినదైతే ఈ ఒక్క కోరికతోనే అవతలి మనిషి మాయమైపోతాడు. ఇవన్నీ అడిగినా నా 1939 దొరికేది కాదన్నది వేరే సంగతి. అందుకే ఖరీదైన నాణేన్ని తెలిసినవాడి భూతద్దం కిందకు రాకుండా కొనొద్దంటున్నాను.

‘మెరుస్తోంది, కొత్తదానిలా ఉంది’ అని సంబరపడకండి. ఇంట్లో ఇత్తడి చెంబులు చింతపండుతో తోమినట్టు నాణేన్ని తోమితే దాని విలువ పడిపోతుంది. ఫొటోలో మాత్రం తోమినదే అందంగా కనిపిస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి, గ్రేడు రాసి అమ్మేవీ ఉంటాయి. ఎన్‌జీసీ, పీసీజీఎస్ అనే అమెరికా సంస్థలు అలా గ్రేడు ఇస్తాయి. ఆ డబ్బాలకూ నకిలీలున్నాయి. డబ్బా మీది నంబరు సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. నంబరు దొరికినంత మాత్రాన సరిపోదు, అసలు నంబరునే కాపీ కొట్టేవాళ్లుంటారు. అక్కడ ఫొటో ఉంటే మీ నాణెంతో గీత గీతా పోల్చాలి.

సరే, మీకు అదృష్టం కలిసొచ్చి అసలు నాణెమే వచ్చిందనుకుందాం. అప్పుడైనా లాభమేనా? 3,000కి కొన్నది దుకాణంలో అమ్మబోతే వాళ్లు తమ లాభం చూసుకునే రేటు చెబుతారు. ఆన్‌లైన్‌లోనే అమ్ముదామంటే కమీషను, కొరియర్ ఖర్చు, పైగా కొత్త ఖాతాను నమ్మి కొనేవాడు దొరకాలి. ధర పెరిగేదాకా ఏళ్ల తరబడి దాచుకోగలిగినవాడికి ఫర్వాలేదు. వచ్చే నెల హాస్టల్ ఫీజు కట్టాల్సిన మీకు ఆ ఓపిక ఎక్కడిది? ‘సైడ్ ఇన్‌కమ్’ అని ఊదరగొట్టే వీడియోల్లో ఈ లెక్క ఎవరూ చెప్పరు. చెబితే వాళ్ల దగ్గరున్న సరుకు ఎవరు కొంటారు?

చట్టం సంగతి కూడా చాలామందికి తెలియదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు కిందకు వస్తుంది. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. విదేశాలకు పంపడం నేరం. ‘అమెరికాలో ఉన్న మా బావకి పంపిస్తే డాలర్లలో వస్తాయి’ అని ప్లాన్ వేసేవాళ్లు గుర్తుంచుకోండి. కోటిలింగాల దగ్గర పొలం దున్నుతుంటే దొరికిన శాతవాహన సీసం నాణేలంటూ ఎవరైనా అమ్మజూపితే ఇంకా జాగ్రత్త. భూమిలో దొరికిన నిధిని కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నుంచీ చట్టం ఉంది. అంటే ఆ అమ్మేవాడు చెప్పేది అబద్ధమైనా అయి ఉండాలి, చట్టవిరుద్ధమైనా అయి ఉండాలి. రెంటిలో ఏదైనా మీకు ఒరిగేదేమీ లేదు. ప్రభుత్వ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతూ పోలీస్ కేసులో పేరు ఎక్కించుకోవడం ఎందుకు చెప్పండి?

ఇంత చెప్పినా ‘నాకు నిజంగానే ఇష్టం అన్నా’ అనేవాళ్లుంటారు. వాళ్లకు నా మాట ఒకటే, మొదటి ఏడాది కొనకుండా చూడండి. హైదరాబాద్‌లో ఉంటే సైఫాబాద్‌లోని పాత టంకశాలకు వెళ్లండి, 2022 నుంచి అక్కడ మ్యూజియం ఉంది. మీ జేబులోని చిల్లరనే తీసి సంవత్సరం కింద గుర్తు వెతకండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం ఆకారం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. దీనికి పైసా ఖర్చు లేదు, కన్ను మాత్రం పదునెక్కుతుంది. న్యూమిస్టా వెబ్‌సైట్‌లో బరువులు, కొలతలు ఉచితంగా చూడొచ్చు. ఆసక్తి ముదిరితే ప్రాచీన చరిత్రలోనో, పురావస్తు శాస్త్రంలోనో పీజీ చేయొచ్చు. అక్కడ నాణేల శాస్త్రం ఒక సబ్జెక్టు.

కొనాలనే ఉంటే స్మారక నాణేలు ప్రభుత్వ టంకశాల వెబ్‌సైట్‌లోనే నేరుగా అమ్ముతారు. 2023 ఆగస్టులో విడుదలైన ఎన్టీఆర్ 100 రూపాయల నాణెం గుర్తుంది కదా. 35 గ్రాముల బరువు, అందులో సగం వెండి. మింటే దాన్ని నాలుగు వేల పైచిలుకు ధరకు అమ్మింది. వంద రూపాయల నాణెం నాలుగు వేలేంటని ఆశ్చర్యపోయినవాళ్లున్నారు, కానీ ఆ ధరకు వచ్చింది అసలుదే అన్న భరోసా ఉంది. బయట ఎవరైనా స్మారక నాణెం అమ్ముతుంటే ముందు మింట్ ధర ఎంతో చూసుకోండి.

ఇప్పటికే పాట గెలిచి, డబ్బు కట్టబోతున్నారా? ‘సైట్‌లో వద్దు, నేరుగా నాకు యూపీఐ చెయ్యి, 300 తగ్గిస్తా’ అంటే ఒప్పుకోకండి. సైట్ బయట కట్టిన డబ్బుకు సైట్ జవాబుదారీ కాదు. ‘రీఫండ్ వేస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు’ అంటే అక్కడే ఆగిపోండి, డబ్బు మీకు రావడానికి పిన్‌తో పనే లేదు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. మోసపోయారని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి, ఎంత ఆలస్యమైతే డబ్బు అన్ని ఖాతాలు దాటిపోతుంది. వినియోగదారుల ఫిర్యాదుకు 1915. చాట్, చెల్లింపు రసీదు, అమ్మకం పేజీ అన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అమ్మకం పేజీ తెల్లారేసరికి ఉండదు. నాకు ఆ పేజీ దొరకలేదు. దిద్దిన తొమ్మిదితో ఆ రూపాయి మాత్రం ఇంకా నా సొరుగులోనే ఉంది. 400కి అమ్మబుద్ధి కాలేదు.